గోడ దగ్గర రెండు నిమిషాలు

ఆగస్టు నెల, రెండో ఆదివారం. ఉదయం ఆరూ నలభై. మబ్బు పట్టింది, వాన లేదు. స్థలం: మార్కాపురంలో మా ఇంటి పెరడు, కుళాయి దగ్గర. హాజరైనవాళ్ళు: నేను, నా భార్య, ముందు రోజు సాయంత్రం గిద్దలూరు నుంచి వచ్చిన మా అమ్మాయి. పక్కింటామె కూడా ఉంది. అయితే ఆమె గోడకు అటువైపు నిలబడింది, తల ఒక్కటే మా వైపుకు కనిపిస్తోంది. అందుకని ఆమెను సగం హాజరు కింద రాసుకున్నాను.

ఇలా రాయడం ఉద్యోగం నేర్పిన అలవాటు. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, అర్ధవీడు, త్రిపురాంతకం, కనిగిరి వైపు ఊళ్ళన్నీ తిరిగి రిటైరయ్యాను. గొర్రెలకు మందు తాగించడానికి ఏ ఊరు వెళ్ళినా ఆ రోజు డైరీలో తేదీ, వేళ, వాతావరణం, ఎవరెవరు ఉన్నారు, ఏం చేశాం అని వరసగా రాసి పై అధికారికి చూపించాలి. రిటైరయ్యాక చూపించాల్సిన అధికారి పోయాడు గానీ రాత పోలేదు. ఆ ఆదివారం ‘ఏం చేశాం’ అన్నచోట మొదట రాసుకున్న మాట ఇది: కరెంటు బ్రష్షు, మొదటి రోజు.

అది మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు గోడ సంగతి చెప్పాలి.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది. బడి పలకలు చేసే పనిలో చెడిపోయిన రాయి ముక్కలు ఈ ఊళ్ళో గుట్టలుగా పడి ఉండేవి, వాటిని తెచ్చి పేర్చి కట్టుకున్నాం. వాళ్ళ పెరట్లో ఒక వేపచెట్టు ఉంది. దాని కొమ్మలు సగం మా వైపు వాలి ఉంటాయి. మేము ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి నా భార్య, పక్కింటామె పొద్దున్నే చెరో పుల్ల విరుచుకుని గోడకు ఇటూ అటూ నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను. పుల్ల చివర నమిలి నమిలి కుంచెలా చేసుకోవడానికే పది నిమిషాలు. ఆ తర్వాత తోముకునేది కొంత, బుగ్గన పెట్టుకుని మాట్లాడేది ఎక్కువ. ఎవరి గేదె ఈనింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ ఆ అరగంటలో తేలిపోయేవి. చివరికి పుల్లను నిలువునా చీల్చి, ఆ బద్దతో నాలుక గీసుకుని, పుక్కిలించి ఉమ్మి, ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. నేను కాఫీతో పాటు ఊరి సంగతులు వినేది ఆ తర్వాతే.

ఫిబ్రవరిలో నా భార్యకు పక్షవాతం వచ్చింది, కుడి వైపు. ఒంగోలులో వైద్యం చేయించాం. మాట నెలలో వచ్చింది. కాలు రెండు నెలలకు వచ్చింది. కుడి చేతి వేళ్ళు మాత్రం ఇప్పటికీ అరచేతిలోకి ముడుచుకునే ఉంటాయి. పెదవి కుడి మూల కొంచెం కిందికి జారింది. నడవడం చేతనైన మొదటి రోజునే ఆమె గోడ దగ్గరికి వెళ్ళింది. పక్కింటామె సంతోషంగా పుల్ల విరిచి ఇచ్చింది. నా భార్య దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నమలబోయింది. పెదవి మూల నుంచి చొంగ కారి రవిక మీద పడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు, ఆ వైపు స్పర్శ లేదు కదా. పక్కింటామె చూసి, చూడనట్టు తల అటు తిప్పుకుంది. మర్యాదకే తిప్పుకుంది. కానీ నా భార్య ఆ తిప్పుకోవడం చూసింది, తర్వాత తన రవిక చూసుకుంది. పుల్ల పారేసి లోపలికి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి బాత్‌రూమ్ తలుపు వేసుకుని, ఎడమ చేతి వేలితో పళ్ళపొడి రుద్దుకోవడం మొదలుపెట్టింది. పక్కింటామె వారం రోజులు పొద్దున్నే “వదినా” అని పిలిచింది. తర్వాత పిలవడం మానేసింది. నా కాఫీలోకి ఊరి సంగతులు రావడం కూడా ఆగిపోయింది.

వేలితో రుద్దితే చిగుళ్ళు శుభ్రం కావు. జూలైలో వాచి నెత్తురు కారాయి. పళ్ళ డాక్టరు చూసి, కింది ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయన్నాడు. చిగుళ్ళు శుభ్రంగా ఉంచుకుంటే నిలుస్తాయి, నెల తర్వాత మళ్ళీ చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే తీసేయాల్సిందే అన్నాడు. చేతిలో బలం లేనివాళ్ళకు కరెంటు బ్రష్షు నయమని, చెయ్యి ఆడించే పని అదే చేసుకుంటుందని కూడా చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భార్య నాలుకతో ముందు పళ్ళు తడుముకుంటూ కూర్చుంది. మా వీధి మలుపు దగ్గర మెల్లగా అంది:

“ముందర పండ్లు గూడా పోతే ఇంక గోడ కాడికి ఏం మొకం పెట్టుకుని పోయేది.”

మూడు నెలల తర్వాత ఆమె నోట గోడ మాట వినడం అదే మొదలు. పోవాలన్న ఆశ ఇంకా ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు డైరీలో ఆ వాక్యం ఒక్కటే రాశాను.

మా అమ్మాయి గిద్దలూరులో టీచరు. సంగతి విని ఫోనులో చూసి బ్రష్షు తెప్పించింది. శనివారం సాయంత్రం పెట్టె చంకన పెట్టుకుని దిగింది. లావుపాటి తెల్లటి పిడి, నిలబెట్టి చార్జింగ్ చేసే చిన్న పీట, గుండ్రటి తలలు రెండు. ఒక తలకు గులాబీ రంగు ఉంగరం, ఇంకోదానికి నీలం రంగు ఉంగరం. తల ఊడదీసి మార్చుకోవచ్చు, ఇద్దరూ ఒకే పిడి వాడుకోవచ్చు. గులాబీ రంగుది వాళ్ళమ్మకు, నీలం నాకు అంది. రాత్రంతా చార్జింగ్ పెట్టాం.

ఆదివారం పొద్దున బాత్‌రూమ్‌లో వెలుతురు చాలదని మా అమ్మాయే వాళ్ళమ్మను పెరట్లోకి తీసుకొచ్చి కుళాయి దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది. నేను బ్రష్షు మీద పేస్టు పెట్టాను. పనిచేస్తోందో లేదో చూద్దామని బొత్తాం నొక్కాను. పేస్టు మొత్తం ఎగిరి నా కళ్ళద్దాల మీద, మా అమ్మాయి చున్నీ మీద పడింది.

“నాయనా, నోట్లో పెట్టుకున్నాక నొక్కాలేమో,” అంది మా అమ్మాయి.

“ముందే చెప్పొచ్చు గదా.”

“నాకేం తెలుసు? నేను తోముకునేది మామూలు బ్రష్షుతోనే.”

ఆ గుయ్‌మనే చప్పుడుకు గోడ మీద తల లేచింది. పక్కింటామె వేపపుల్ల బుగ్గన పెట్టుకుని చూస్తోంది. “ఏందన్నా, పొద్దున్నే మిషను పెట్టినారు?” అని అడిగింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి పోతుందేమో అనుకున్నాను, పోలేదు. నాలుగు నెలల తర్వాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం. నాకు అదే చాలా పెద్ద సంగతి అనిపించి, ఎలాగైనా ఈ పని ఇప్పుడే బాగా జరగాలని తొందర పుట్టింది. ఆ తొందరే చెడగొట్టింది.

మళ్ళీ పేస్టు పెట్టి బ్రష్షు ఆమె ఎడమ చేతికిచ్చాను. నోట్లో పెట్టుకుంది, బొత్తాం నొక్కాను. నొక్కిన వెంటనే గట్టిగా కొరికింది. బ్రష్షు మూలిగింది.

“కొరకొద్దమ్మా,” అంది మా అమ్మాయి.

నా భార్య బ్రష్షు బయటికి తీసింది. “నమలకుండా పండ్లు ఎట్ల తోముకునేది?”

“పుల్లయితే నమలాల. ఇది నమిలితే విరుగుతాది.”

“నోట్లో పెట్టినాక నా పండ్లు ఆగుతాయా ఏంది. అరవై ఏండ్ల నుంచి నమిలినాయి.”

పక్కింటామె గోడ అవతల నవ్వింది. నా భార్య కూడా నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెది కనిగిరి పక్క పల్లె. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు చిన్నప్పటి నుంచి తాగి ముందు పళ్ళ మీద గోధుమరంగు గీతలు పడ్డాయి. పెళ్ళి నాటి నుంచీ ఆమె నవ్వితే కొంగు పళ్ళ మీదికి వెళుతుంది. నేను ఆమె నవ్వును సగమే చూశానని చెప్పవచ్చు.

మూడోసారి కొరకకుండా జాగ్రత్తగా పెట్టుకుంది. అర నిమిషం బాగానే తిరిగింది. ఉన్నట్టుండి బ్రష్షు గుటకలు పడ్డట్టు రెండు మూడుసార్లు తడబడి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. చార్జింగ్ దిగిపోతోందని నేను లాక్కుని లోపలికి తీసుకెళ్ళి పీట మీద పెట్టాను. కాసేపాగి ఇస్తే మళ్ళీ అర నిమిషానికి అదే తడబాటు. మళ్ళీ లాక్కున్నాను.

“కొత్తదే మొరాయిస్తాంటే ఇంక పాతబడితే ఏం పన్జేస్తాది. వాపసు చేసెయ్యండి,” అంది పక్కింటామె.

ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. ఎన్ని గొర్రెల నోళ్ళు తెరిచిన చేతులివి. నా భార్య గడ్డం కింద ఎడమ చెయ్యి వేసి, కుడి చేత్తో బ్రష్షు పట్టుకుని నేనే తోమడం మొదలుపెట్టాను. అంత దగ్గరగా ఆమె పళ్ళు చూడటం అదే మొదటిసారి. గోధుమరంగు గీతలు నేను అనుకున్న దానికంటే ఎక్కువగా ఉన్నాయి. అవి నీటి వల్ల పడ్డవని, తోమితే పోయేవి కావని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి వాటి దగ్గరే ఆగింది. బలంగా అదిమాను. బ్రష్షు మెడ దగ్గర ఎర్రలైటు వెలిగింది. పని జోరుగా జరుగుతోందని వెలిగిందనుకుని ఇంకొంచెం అదిమాను.

ఆమె నా మణికట్టు పట్టుకుని పక్కకు తోసింది. ఉమ్మితే నురగలో ఎర్రగా నెత్తురు.

“నేనేమన్నా గొర్రెనా, గడ్డం పట్టుకుని పండ్లు చూస్తాండావు,” అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ఆ మరకలు నువ్వు కడిగితే పోవయ్యా. అవి మా ఊరి నీళ్ళు.”

బొత్తాం నొక్కి బ్రష్షు ఆపాను. నురగ పెదవి మూల నుంచి గడ్డం మీదికి కారుతోంది. పక్కింటామె మళ్ళీ తల అటు తిప్పుకుంది. నా భార్య అది కూడా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“ఇది నాకొద్దు. ఏలితోనే రుద్దుకుంటా. ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. నా నోరు ఇంకొకరు కడిగే కాడికి మాత్రం తేవద్దు.”

ఆ పొద్దు డైరీలో ఇలా రాశాను: బ్రష్షు చార్జింగ్ నిలవదు. అర నిమిషానికొకసారి ఆగుతోంది. ఎర్రలైటు వెలిగింది. చిగురు నెత్తురు వచ్చింది. పని కాలేదు. ఆమె లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి బయల్దేరింది, సోమవారం బడి ఉంది. బస్టాండుకు వెళ్ళే ఆటో ఎక్కుతూ, “నాయనా, పెట్టెలో కాగితం ఉంది, ఒకసారి చదువు. నేను కూడా చదవకుండానే తెచ్చినా,” అంది. సిగ్గు అనిపించింది. ఏ మందు సీసా విప్పినా లోపలి కాగితం మొదలు నుంచి చివరి దాకా చదివి గాని మందు తాగించేవాణ్ణి కాదు. ఇంట్లో మనిషి నోట్లో పెట్టేదానికి మాత్రం చదవలేదు.

నా భార్య నిద్రపోతోంది. కాగితం తీసి కిటికీ దగ్గర కూర్చున్నాను. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, భూతద్దం పెట్టుకుని చదివాను. బొమ్మలు సాయం చేశాయి. నోటిని నాలుగు భాగాలు చేసుకోవాలట. పైన కుడి, పైన ఎడమ, కింద ఎడమ, కింద కుడి. ఒక్కో భాగానికి అర నిమిషం. అర నిమిషం కాగానే ఇక పక్క భాగానికి జరగమని బ్రష్షు తడబడి గుర్తు చేస్తుంది. రెండు నిమిషాలు నిండాక ఎక్కువసేపు తడబడుతుంది, అప్పుడిక ఆపేయవచ్చు. ఎర్రలైటు వెలిగిందంటే మరీ గట్టిగా అదుముతున్నావని అర్థం.

అంటే అది మొరాయించలేదు. చెప్పాల్సింది చెప్పింది. నేనే దాని నోరు నొక్కాను.

కాగితం మీద నమ్మకం ఉన్నా చేతికి తెలియాలి కదా. నీలం ఉంగరం తల తగిలించుకుని అద్దం ముందు నిలబడ్డాను. మొదట కుడి చేత్తో పట్టుకున్నాను. ఎంత వద్దనుకున్నా చెయ్యి ముందుకూ వెనక్కూ రుద్దుతోంది. నా వయసంత పాత అలవాటు అది, మూడుసార్లు ఎర్రలైటు వెలిగింది. అప్పుడు ఆమె చేయాల్సింది ఎడమ చేత్తో కదా అని గుర్తొచ్చి నేనూ ఎడమ చేతికి మార్చాను. పట్టు సరిగా కుదరలేదు, పిడి జారింది. కానీ ఒక వింత జరిగింది. ఎడమ చేతికి రుద్దడం రాదు. దానికి ఆ అలవాటే లేదు. పన్ను మీద పెడితే పెట్టినచోటే ఉంది. బ్రష్షు తన పని తాను చేసుకుంది. రెండు మూడు అంకెలు లెక్కబెట్టి పక్క పన్నుకు జరిపాను. పన్ను, చిగురు కలిసేచోట కొంచెం వాల్చి పెడితే చాలు. చక్కిలిగింత పెట్టినట్టు ఉంది గాని ఎక్కడా నొప్పి లేదు. చేతి గడియారం చూసుకున్నాను. సరిగ్గా ముప్పై సెకన్లకు తడబడింది. రెండు నిమిషాల్లో ఎర్రలైటు ఒక్కసారీ వెలగలేదు.

జారే పిడికి మాత్రం ఉపాయం కావాలి. గొర్రెలకు మందు పట్టే గొట్టం చెమట చేతుల్లో జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకునేవాళ్ళం. గూట్లో వెతికితే ఒక ముక్క దొరికింది. సన్నగా కోసి, బొత్తాం వదిలి, పిడికి చుట్టి కట్టాను. తెల్లటి సామానుకు నల్లటి తలపాగా చుట్టినట్టు ఉంది. చేతికి మాత్రం పట్టు దొరికింది.

డైరీలో నేను రాసింది ఎప్పుడూ కొట్టేయను. పొద్దుటి రాత కింద గీత గీసి ఇలా రాశాను: పైన రాసింది తప్పు. బ్రష్షు మంచిదే. తప్పు నాది.

సాయంత్రం అన్నాలు తిన్నాక ఆ పేజీ నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చదువుకోలేదు గాని నా డైరీలో ఏముందో వినడం ఇష్టం. చివరి మాట విని, “ఇన్నేండ్లలో తప్పు నాది అని రాసుకున్నేది ఇదేనా?” అంది.

“లేదు. బోయోళ్ళ పొలం కాడ నా మందు వికటించిన లేగదూడ సంగతి కూడా రాసినా.”

“దూడకు రాసినావు. నాకు రాసినేది ఇదే.”

“ఇదే.”

 నేను ఎడమ చేతి సంగతి చెప్పాను. “నా కుడి చెయ్యి ఇంక మారదు, రుద్దకుండా ఉండలేదు. నీ ఎడమ చెయ్యే దీనికి తగిన చెయ్యి. నేను ముట్టుకోను. చూడను గూడా. వెనక్కి తిరిగి కూర్చుంటా, ఏ పక్క పెట్టాల్నో ఒక్కటే చెప్తా.”

“చూడకుండా ఎట్ల చెప్తావు?”

“చప్పుడుతో.”

ఆమె రబ్బరు చుట్టిన పిడిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. “గొర్రెల మందు గొట్టం మాదిరి చేసినావు దీన్ని,” అంది. వద్దని మాత్రం అనలేదు.

వసారాలో రెండు స్టూళ్ళు వేశాను. ఆమె ముందు బకెట్టు, ఒళ్ళో తువ్వాలు. తల నిలబెట్టకుండా బకెట్టు మీదికి వంచి పెట్టుకోమన్నాను. అప్పుడు నురగ కారినా కిందికి కారుతుంది, మొహం మీదికి రాదు. నేను ఆమె వీపుకు వీపు ఆనించి, వీధి తలుపు వైపు తిరిగి కూర్చున్నాను.

“పైన కుడి. నోట్లో పెట్టుకున్నాక నొక్కు.”

చప్పుడు మొదలైంది. దవడ పళ్ళ మీద ఉంటే లోపలెక్కడో తుమ్మెద తిరుగుతున్నట్టు మెత్తగా వినిపిస్తుంది. ముందు పళ్ళకు వచ్చేకొద్దీ చప్పుడు పలచబడి పైకి తేలుతుంది. కళ్ళతో చూసినా అంత బాగా తెలియదేమో. ఒకచోట చప్పుడు అణిగింది.

“నమలొద్దు.”

“ఊఁ,” అంది విసుగ్గా. చప్పుడు మళ్ళీ తేలింది.

తడబడింది. “అది చార్జింగ్ కాదు,” అన్నాను. “పక్కకు జరగమంటాంది. పైన ఎడమ.” ఆమె వీపు నా వీపును ఆనుకునే ఉంది, ఊపిరి తెలుస్తోంది. మళ్ళీ తడబడింది. “కింద ఎడమ.” మూడోసారి నేను చెప్పకముందే చప్పుడు జరిగింది. కింద కుడి వైపు ఆమెకు స్పర్శ లేని బుగ్గ. అక్కడ బ్రష్షు ఎక్కడుందో ఆమెకు ఎలా తెలుస్తుందా అని నాకు భయం. కాని చప్పుడు ఒక్కో పన్ను ఎక్కి దిగుతూ నెమ్మదిగా ముందుకు వచ్చింది. వచ్చి, కింది ముందు పళ్ళ దగ్గర, కదిలే నాలుగు పళ్ళ దగ్గర, బాగా సన్నగిల్లి ఆగింది. అదిమినట్టు లేదు. అప్పుడే పుట్టిన దూడను తల్లి నాకినంత మెత్తగా అక్కడే ఉంది. తర్వాత బ్రష్షు చివరిసారి గట్టిగా తడబడింది.

ఉమ్మిన చప్పుడు. పుక్కిలించిన చప్పుడు.

“అయిపోయింది. తిరుగు,” అంది.

తిరిగాను. తువ్వాలు తడిసింది, రవిక పొడిగానే ఉంది. బకెట్టులో ఎరుపు లేదు.

“బ్యాటరీ లైటు తెచ్చి చూడు,” అంది. “పొద్దున గడ్డం పట్టుకుని చూసినావు గదా. ఇప్పుడు నేనే చూడమంటాండా. చూసి చెప్పు.”

లైటు తెచ్చాను. గొర్రె వయసు చెప్పాలంటే కింది ముందు పళ్ళు చూడాలి. పాలపళ్ళు ఊడి పెద్దవి జతలు జతలుగా వస్తాయి. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని రాస్తాం. ఎనిమిదీ ఉంటే నిండు నోరు. నేను నా భార్య నోట్లోకి లైటు వేసి చూశాను. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దవడ పళ్ళు కొన్ని ఎప్పుడో పోయాయి. కింద ముందు నాలుగు పళ్ళూ నిలబడి, తడిగా మెరుస్తున్నాయి.

“ఏం రాస్తావు?” అని అడిగింది.

“నిండు నోరు.”

“అబద్ధాలు రాయవు గదా డైరీలో.”

“రాయను.”

ఆమె నవ్వింది. కొంగు అందుకోవడానికి చెయ్యి లేదు. కుడి చెయ్యి లేవదు, ఎడమ చేతిలో బ్రష్షు ఉంది. నేను లైటు ఆర్పడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాను. “ఆర్పయ్యా, కండ్లల్లో పడతాంది,” అన్నాక ఆర్పాను.

నిండు నోరు అనే రాశాను. కింద గీత గీయలేదు.

మర్నాడు, సోమవారం. ఉదయం ఆరూ పది. ఎండ వచ్చేలా ఉంది. నిద్రలేచి చూస్తే పక్క మంచం ఖాళీ. బాత్‌రూమ్ తలుపు తీసే ఉంది. చార్జింగ్ పీట మీద బ్రష్షు లేదు. వెనక వైపు నుంచి గుయ్‌మని చప్పుడు వినిపించింది. వంటింటి తలుపు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాను.

నా భార్య గోడ దగ్గర నిలబడి ఉంది. కుడి పక్క పలకరాళ్ళకు ఆనించి, భుజం మీద తువ్వాలు వేసుకుని, తల ముందుకు వంచి తోముకుంటోంది. నురగ గోడ మొదట్లో మట్టిలో పడుతోంది. అవతల పక్కింటామె నోట్లో వేపపుల్ల ఉంది. నమలడం ఆపి చూస్తోంది.

“ఏంది వదినా, తుమ్మెదను పట్టి నోట్లో పెట్టుకున్నావు.”

నా భార్య బ్రష్షు ఆపింది. “మీ గేదె ఈనిందంట గదా. నాకు ఒక మాటన్నా చెప్పినావా?”

“గోడ కాడికి వస్తే గదా చెప్పేది. పది దినాలాయె. పెయ్యదూడ.”

“పాలెన్ని ఇస్తాంది?”

“ముందు అది తోముకో. పేస్టు ఆరిపోతాది.”

మళ్ళీ నొక్కింది. పది అంకెలు కూడా కాలేదు, మళ్ళీ ఆపింది, గేదెకు జున్నుపాలు ఎన్ని రోజులు వచ్చాయో అడగడానికి. ఆపినప్పుడల్లా రెండు నిమిషాల లెక్క మొదటికి వస్తుందని చెబుదామని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. వంటింట్లో గడియారం చూసుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాను. పైన కుడి అయ్యేసరికి పక్కింటామె కోడలు పుట్టింటికి వెళ్ళిన సంగతి తెలిసింది. కింద ఎడమ అయ్యేసరికి ఎందుకు వెళ్ళిందో తెలిసింది. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

పక్కింటామె తన పుల్లను చీల్చి నాలుక గీసుకుంటూ, “మరి నాలిక దేంతో గీసుకునేది? దాంట్లో ఉందా?” అని అడిగింది.

“ల్యా. ఒక పుల్ల ఇయ్యి.”

ఆమె చెయ్యి పైకి చాపి కొమ్మ నుంచి లేత పుల్ల విరిచి, చీల్చడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి తానే నిలువునా చీల్చి, ఒక బద్ద గోడ మీదుగా ఇచ్చింది. నా భార్య నాలుక గీసుకుని, నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, ఏదో అడగబోయింది. పెదవి మూల నురగ ఇంకా కొంచెం మిగిలి గడ్డం మీదికి జారుతోంది. పక్కింటామె ఈసారి తల తిప్పుకోలేదు. కోడలి సంగతి చెబుతూ, ఆ మాట ఆపకుండానే, గోడ మీదుగా వంగి తన కొంగుతో ఆ మూల తుడిచింది.

నా భార్య మొహం పక్కకు తీసుకోలేదు. “దూడ ఎవరి పోలిక?” అని అడిగింది.